రేగడి నేల స్వభావ నిర్ధారణ: ప్రయోగశాల, వాతావరణ, భూతల ఆధారాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

నల్లరేగడి నేలను నలుపు రంగుతోనూ, దక్కను లావా శిలతోనూ ముడిపెట్టి నిర్వచించడం మన పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన పద్ధతి. ఆధునిక నేల శాస్త్రం ఈ రెండింటిలో దేనినీ ప్రధాన లక్షణంగా స్వీకరించలేదు. రేగడిని గుర్తించడానికి ఉపయోగిస్తున్న ప్రయోగశాల విశ్లేషణలను, వాతావరణ గణాంకాలను, భూతల స్థితిని ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. ఈ మూడింటిలో తక్కువ గౌరవం పొందుతున్న భూతల స్థితే మిగిలిన రెండింటి అంకెలకు అర్థాన్నిస్తుందనీ, రైతు చేతికి అందే భూసార పత్రంలో అదే లోపించిందనీ వాదిస్తుంది.

కీలక పదాలు: రేగడి, వెర్టిసాల్, చల్క, స్మెక్టైట్, పగుళ్లు, వాలు క్రమం, వినిమయ సోడియం, భూసార పత్రం.

1. ప్రవేశిక

భూగోళ శాస్త్రం చదివిన తెలుగు విద్యార్థికి నల్లరేగడి నేలను గురించి మూడు మాటలు కంఠస్థంగా వస్తాయి. అది నల్లగా ఉంటుంది, దక్కను పీఠభూమిలోని లావా శిలలు శిథిలమై ఏర్పడింది, పత్తికి అనుకూలం. వీటిలో ఏదీ పూర్తిగా అసత్యం కాదు. కానీ ఏదీ నిర్వచనమూ కాదు. ఒక వస్తువును తక్కిన వస్తువుల నుండి వేరుచేసి చూపగలిగినదే నిర్వచనం. నల్లగా ఉండి రేగడి కాని నేలలున్నాయి. లావాతో సంబంధం లేని రేగడి భూములున్నాయి. పత్తి తెలంగాణలోని చల్క నేలల్లోనూ విస్తారంగా పండుతోంది.

భారతదేశంలో నల్ల నేలలు, వాటి అనుబంధ నేలలు కలిపి 7 కోట్ల హెక్టార్లకు పైగా ఉన్నాయి. ఇంత విస్తృతమైన భూమిని ఏ లక్షణాన్ని బట్టి ఒక తరగతిగా లెక్కిస్తున్నామన్న ప్రశ్న పారిభాషిక పదాల వివాదం మాత్రమే కాదు. నేలకు పెట్టిన పేరును బట్టి ఎరువు మోతాదు, విత్తే అదను, తడికీ తడికీ మధ్య వ్యవధి, ఇంటి పునాది లోతు నిర్ణయమవుతున్నాయి. పేరు వెనుక ఉన్న ఆధారం బలహీనమైతే ఆ నష్టం పొలంలో తేలుతుంది.

2. రంగు నిర్వచనంగా మారిన తీరు

తెలుగులో ‘రేగడి’ అనే మాట ప్రధానంగా రంగును చెప్పదు. జిగటను, బంకతనాన్ని చెబుతుంది. అందువల్లనే దానికి ‘నల్ల’ అనే విశేషణం అవసరమైంది. ‘ఎర్రరేగడి’ అనే మాట కూడా వ్యవసాయ వ్యవహారంలో ఉంది. రేగడి అంటేనే నలుపు అయితే మొదటిది పునరుక్తి, రెండవది వైరుద్ధ్యం అయ్యేవి. ఈ రెండు ప్రయోగాలూ సహజంగా చెల్లుతున్నాయంటే, జనవ్యవహారం నేలను మొదట దాని స్పర్శను, ప్రవర్తనను బట్టి పిలిచి, ఆ తరువాత రంగును చేర్చిందని అర్థం.

ఈ పదం ఆంగ్లంలోకి ‘రేగర్’, ‘రెగుర్’ రూపాలలో వెళ్లి, ‘నల్ల పత్తి నేల’కు పర్యాయపదంగా స్థిరపడింది. అర్థం తలకిందులైన చోటు ఇదే. మద్రాసు రాజధానిలో భూమిశిస్తు నిర్ణయానికి నేలలను వర్గీకరించినప్పుడు రేగర్ వరుస, ఎర్ర వరుస అని విభజించి, ఒక్కొక్క వరుసలో మళ్లీ బంక, గరప, ఇసుక అనే తరగతులు ఏర్పరచారు. ఆ లెక్కన ‘రేగర్ ఇసుక’ అనే తరగతి ఒకటి పుట్టింది. తెలుగు రైతు చెవికి అది ‘తీపి ఉప్పు’ వంటి మాట. శిస్తు అధికారి అవసరం మాత్రం గ్రహించదగినదే. రంగు గట్టు మీద నిలబడినా కనిపిస్తుంది. బంకతనం తెలియాలంటే మట్టిని తడిపి వేళ్ల మధ్య నలపాలి. పరిపాలనకు సులభమైన లక్షణం నిర్వచన స్థానాన్ని ఆక్రమించింది.

1893లో వోల్కర్ నివేదిక, 1898లో లెదర్ చేసిన విశ్లేషణ భారతీయ నేలలను ఒండ్రు, నల్లరేగడి, ఎర్ర, లాటరైట్ అనే నాలుగు ప్రధాన రకాలుగా చూపాయి. తరువాతి పాఠ్యగ్రంథాల నేల అధ్యాయాలు చాలావరకు ఈ నాలుగు గదుల ఇంటికే గదులు చేర్చుకుంటూ వచ్చాయి. ఇంతకు ముందే, 1883లో, డొకుచాయెవ్ రష్యా నల్లనేల మీద తన ప్రసిద్ధ గ్రంథాన్ని వెలువరించాడు. రెండు దేశాల నేలలూ నల్లనివే కనుక రెండింటినీ ఒకే కుటుంబంగా ఊహించే అలవాటు చాలాకాలం సాగింది. రష్యా చెర్నోజెం నలుపుకు కారణం పచ్చికబయళ్ల నుండి సమృద్ధిగా చేరిన సేంద్రియ పదార్థం. మన రేగడిలో సేంద్రియ కర్బనం చాలాచోట్ల 0.6 శాతానికి కూడా చేరదు. కొద్దిపాటి సేంద్రియ పదార్థమే సూక్ష్మమైన బంక రేణువులతో గట్టిగా పెనవేసుకోవడం వల్ల ముదురు రంగు వస్తుంది. అంటే నల్లదనం ఇక్కడ సారానికి గుర్తు కాదు. ‘నల్లగా ఉంది కాబట్టి బలమైన నేల’ అన్న నమ్మకం నత్రజని విషయంలో రైతును మోసం చేస్తుంది.

శాస్త్రీయ వర్గీకరణ కూడా రంగు మోహం నుండి ఒక్కసారిగా బయటపడలేదు. అమెరికా వ్యవసాయ శాఖ 1975లో ప్రచురించిన నేల వర్గీకరణలో ఈ నేలలకు వెర్టిసాల్ అనే శ్రేణి ఉంది. తిరగవేయడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుండి ఈ పేరు వచ్చింది. శ్రేణి నిర్వచనంలో రంగు లేదు. కానీ దాని కిందిస్థాయి విభాగాలలో రంగు ఛాయను బట్టి పెల్లుస్టర్ట్, క్రోముస్టర్ట్ అనే భేదాలు పాటించారు. 1990లలో జరిగిన సవరణలలో ఆ భేదాలను తొలగించి, సున్నం, లవణం, జిప్సం వంటి లక్షణాలకు ఆ స్థానం ఇచ్చారు. 1996 నాటి ఆస్ట్రేలియా వర్గీకరణ మరొక దారి పట్టింది. పగిలే బంకనేలలన్నింటినీ వెర్టోసాల్ అనే ఒకే శ్రేణిలో చేర్చి, ఆ లోపలనే ఎర్ర, గోధుమ, పసుపు, బూడిద, నల్ల ఉపశ్రేణులను ఏర్పరచింది. ఎర్ర వెర్టోసాల్ అనే శాస్త్రీయ నామం, ఎర్రరేగడి అనే తెలుగు మాట ఒకే ఆలోచనా క్రమం నుండి పుట్టినవి. మన గ్రంథకర్తలు ఆంగ్లం నుండి తిరిగి అరువు తెచ్చుకున్న ‘రెగుర్’ కంటే మన వాడుకలోని రేగడి శాస్త్రానికి దగ్గరగా ఉంది.

3. ప్రయోగశాల చెప్పేదీ, చెప్పనిదీ

వెర్టిసాల్‌గా గుర్తించడానికి మూడు లక్షణాలు కావాలి. పైపొరలలో 30 శాతం లేదా అంతకుమించి బంకమన్ను ఉండాలి. నేల ఏటా తెరుచుకుని మూసుకునే పగుళ్లు చూపాలి. మీటరు లోతులోపల కనీసం 25 సెం.మీ. మందమున్న పొరలో ఒరిపిడి తలాలు గాని, చీలిక ఆకారపు మట్టి దిమ్మలు గాని కనిపించాలి. ఒరిపిడి తలాలంటే, ఉబ్బిన మట్టి దిమ్మలు ఒకదానిపై ఒకటి జారినప్పుడు మెరుగుపెట్టినట్లు నునుపెక్కిన ముఖాలు. ఈ మూడింటిలో మొదటిది మాత్రమే ప్రయోగశాల కొలత. తక్కిన రెండింటిని గుంత తవ్వి, కళ్లతో చూసి, చేతితో తడిమి తెలుసుకోవాలి. దీన్ని గమనించిన తరువాత, అంకెలు ఉన్నదే శాస్త్రం, తక్కినది వర్ణన అని భావించే ధోరణి నిలవదు.

అయినా ప్రయోగశాల ఇచ్చే సమాచారం విలువైనది. రేగడి ఎందుకు ఉబ్బుతుందో దాని ద్వారానే తెలిసింది. స్మెక్టైట్ అనే ఖనిజపు పలుచని పొరల మధ్యకు నీరు చొరబడి వాటిని ఎడం చేస్తుంది. ఆరినప్పుడు అవి మళ్లీ దగ్గరవుతాయి. చల్క నేలల్లో ఎక్కువగా ఉండే కేయోలినైట్ పొరలు ఇలా విడివడవు. అందుకే రెండు నేలల్లో బంకమన్ను శాతం సమానంగా ఉన్నా ప్రవర్తన సమానంగా ఉండదు. రేగడిలో ధన అయాన్ల వినిమయ సామర్థ్యం కిలో మట్టికి 40 నుండి 60 సెంటీమోల్స్ వరకు ఉండడం సాధారణం. ఉదజని సూచిక తటస్థ స్థితిని దాటి 8 పరిసరాలలో ఉంటుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మట్టి ప్రయోగశాలకు చేరేసరికి అది నేలగా మిగలదు. ఎండబెట్టి, దంచి, 2 మి.మీ. జల్లెడ పట్టిన పొడిలో పగులు లేదు, ఒరిపిడి తలం లేదు, పై పొరకూ కింది పొరకూ ఉన్న బంధం లేదు. ఉబ్బు గుణాన్ని కొలిచే రేఖీయ వ్యాకోచ గుణకాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. దీన్ని సహజమైన మట్టిగడ్డ మీద, తడి స్థితిలోనూ పూర్తిగా ఆరిన స్థితిలోనూ కొలవాలి. ఆ పని శ్రమతో కూడినది. కనుక చాలాచోట్ల జల్లెడ పట్టిన మట్టిని ముద్దగా కలిపి, సన్నని కడ్డీలుగా చేసి, అవి ఆరినప్పుడు ఎంత కుంచించుకుపోయాయో చూస్తారు. మొదటి పద్ధతి నేల గుణాన్ని చూపుతుంది; రెండవది ముద్ద గుణాన్ని చూపుతుంది. నివేదికలో రెండూ ఒకే శీర్షిక కింద, ఒకే రకం అంకెలుగా కనిపిస్తాయి. పునాదుల ఇంజనీర్లు వాడే స్వేచ్ఛా వ్యాకోచ సూచిక ఇంకా సరళమైనది. 1977 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం 10 గ్రాముల పొడిమట్టిని ఒక జాడీలో నీటిలోనూ, మరొక జాడీలో కిరోసిన్‌లోనూ వేసి పరిమాణాల తేడా చూస్తారు. త్వరగా హెచ్చరించే పరీక్షగా అది మంచిదే. దానితో నేల జాతిని నిర్ణయించబూనడం మాత్రం గింజ బరువును బట్టి పైరు ఎత్తును చెప్పినట్లుంటుంది.

సున్నం కలిసిన రేగడిలో మరొక సమస్య ఉంది. వినిమయ అయాన్లను బయటకు తీయడానికి సాధారణంగా అమ్మోనియం ఎసిటేట్ ద్రావణాన్ని వాడతారు. అది మట్టిలోని సున్నాన్ని కూడా కొంత కరిగిస్తుంది. అప్పుడు వినిమయ కాల్షియం వాస్తవానికి మించి కనిపిస్తుంది. క్షారాల సంతృప్తత 100 శాతాన్ని దాటిన పట్టికలు సైతం అచ్చవుతాయి. సామర్థ్యానికి మించిన నిల్వ ఎలా ఉంటుందన్న ప్రశ్న పట్టికను చూడగానే రావాలి. పద్ధతి ప్రామాణికమైనదే అయినా అది ఈ నేలకు తగినదా అన్న విచారణ జరగనందువల్ల ఆ ప్రశ్న రావడం లేదు.

సోడియం విషయంలో ఈ విచారణ లోపం మరింత ఖరీదైనది. వినిమయ సోడియం 15 శాతం దాటితేనే నేలను క్షార నేలగా పరిగణించాలన్న హద్దు 1954లో అమెరికా లవణ ప్రయోగశాల ప్రచురించిన కరదీపిక ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. స్మెక్టైట్ నిండిన రేగడిలో అంతకంటే చాలా తక్కువ సోడియం కూడా బంక రేణువులను చెదరగొట్టి నీటి దారులను మూసివేయగలదు. విదర్భ ప్రాంతపు నేలలపై జరిగిన పరిశోధనలు ఈ హద్దును 5 శాతం పరిసరాలకు దించాలని సూచించాయి. 15 శాతం కొలమానంతో చూస్తే ‘లోపం లేనిది’ అనిపించుకున్న పొలంలో నీరు దిగక, పత్తి వేరు ఊపిరాడక నిలిచిపోవచ్చు. ఇక్కడ అంకె తప్పు కాదు, హద్దు పరాయిది.

4. వాతావరణం: సగటులు, పగుళ్లు

నేల వర్గీకరణలో వాతావరణం రెండు రూపాలలో ప్రవేశిస్తుంది: నేల ఉష్ణస్థితి, నేల తేమస్థితి. దీర్ఘకాలం నేల లోతులలో కొలిచిన తేమ వివరాలు దొరకనప్పుడు నెలవారీ వర్షపాతం, గాలి ఉష్ణోగ్రతల నుండి నమూనాల ద్వారా తేమస్థితిని అంచనా వేస్తారు. 1972 నుండి వాడుకలో ఉన్న న్యూహాల్ నమూనా నేలకు సాధారణంగా 200 మి.మీ. నీటి నిల్వ సామర్థ్యాన్ని ఊహించి, వాన పైనుండి క్రమంగా కిందికి ఇంకుతుందని భావిస్తుంది. లోతైన రేగడికి ఈ 200 మి.మీ. ఊహ కొంతవరకు సరిపోవచ్చు. దాని పక్కనే ఉన్న పలుచని చల్కకు అది సరిపోదు. పైగా రేగడిలో వాన క్రమంగా ఇంకదు. తొలకరి వాన పగుళ్లలోంచి నేరుగా అడుగుకు దిగుతుంది. పైపొర ఇంకా పొడిగా ఉండగానే మీటరు లోతున తడి చేరుతుంది. పటాన్‌చెరులో జరిగిన కొలతలలో రేగడి మొదటి అరగంటలో గంటకు 70 మి.మీ.కు పైబడిన వేగంతో నీటిని మింగింది. పూర్తిగా తడిసి పగుళ్లు మూసుకున్న తరువాత ఆ వేగం గంటకు 1 మి.మీ. కంటే తక్కువకు పడిపోయింది. ఒకే నేల జూన్‌లో జల్లెడ, ఆగస్టులో రేకు. నెలవారీ సగటు ఈ రెండు స్థితులను కలిపి, ఏ నెలలోనూ లేని మూడవ నేలను సృష్టిస్తుంది.

వెర్టిసాల్ ఉపశ్రేణులను నిర్ణయించడంలో వర్గీకరణకర్తలు ఈ ఇబ్బందిని గుర్తించారు. గాలి వాతావరణాన్ని పక్కనపెట్టి, నేల పగుళ్లనే కొలమానంగా తీసుకున్నారు. సాధారణ సంవత్సరాలలో పగుళ్లు మొత్తం 90 దినాలు లేదా అంతకు మించి తెరిచి ఉంటే, వేసవి మాత్రమే పొడిగా ఉండే మధ్యధరా రకాన్నీ, పగుళ్లు దాదాపు ఏడాదంతా మూతపడని ఎడారి రకాన్నీ మినహాయించి, అది ఉస్టర్ట్. ఇది ఈ వర్గీకరణలోని అత్యంత వివేకవంతమైన నిర్ణయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వాతావరణం నేలకు ఏమి చేసిందో నేలనే అడగడం ఇది. అయితే ఆ ప్రశ్నను ఎవరు అడుగుతున్నారు? గుంత తవ్వడానికి అనువైన కాలంలో ఒక్కసారి వచ్చి వెళ్లే సర్వేయరు 90 దినాలు లెక్కించలేడు. వర్షపాత పట్టికను చూసి పగుళ్ల కాలాన్ని ఊహిస్తాడు. ఏ సగటులను తప్పించడానికి పగుళ్లను ప్రమాణంగా పెట్టారో, ఆ సగటులే దొడ్డిదారిన తిరిగి వచ్చాయి.

వాతావరణ ఆధారానికి కాలపరమైన పరిమితి కూడా ఉంది. నాగపూర్‌లోని జాతీయ నేల సర్వే, భూవినియోగ ప్రణాళికా సంస్థకు చెందిన డి. కె. పాల్, ఆయన సహచరులు ద్వీపకల్ప భారతంలో తేమ ప్రాంతాల నుండి పొడి ప్రాంతాల వరకు రేగడి నేలలను వరుసగా పరిశీలించి 2009లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వర్షపాతం తగ్గేకొద్దీ సున్నం పేరుకోవడం, అడుగుపొరలలో సోడియం పెరగడం, పగుళ్లు ఒరిపిడి తలాల మండలాన్ని చీల్చుకుని ఇంకా లోతుకు వెళ్లడం వారు గమనించారు. ఈ నేలలలోని స్మెక్టైట్ నేటి పాక్షిక శుష్క వాతావరణంలో ఇంత సమృద్ధిగా పుట్టగలిగేది కాదనీ, అది గతించిన తేమ కాలపు వారసత్వమనీ వారి వాదం. దీన్ని అంగీకరిస్తే గత 30 ఏళ్ల వర్షపాత సగటు రేగడి పుట్టుకను వివరించలేదు. అది నేటి ప్రవర్తనను మాత్రమే, అదీ కొంతమేరకే, వివరిస్తుంది. బంకమన్ను ఒక కాలానిది, సున్నం మరొక కాలానిది. రెండూ ఒకే గుంత గోడ మీద కనిపిస్తాయి.

5. వాలు చెప్పే సాక్ష్యం

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ క్షేత్రంలో ఎర్రనేల, నల్లనేల పక్కపక్కనే ఉన్నాయి. రెండింటిపైనా ఒకే వాన, ఒకే ఎండ. వాతావరణ పట్టిక వాటిని వేరుచేయలేదు. మూలశిల కూడా పాఠ్యపుస్తకం చెప్పినంత సులభంగా వేరుచేయలేదు. కర్నూలు, నంద్యాల ప్రాంతాల రేగడి దీనికి ప్రబలమైన నిదర్శనం. కుందూ లోయలోని నల్లనేలల కింద ఉన్నది దక్కను లావా కాదు. నార్జి, కోయిలకుంట్ల సున్నపురాళ్లు, నంద్యాల షేల్ వంటి కర్నూలు సముదాయపు అవక్షేప శిలలు. కృష్ణా, గోదావరి డెల్టాల నల్లబంక నేలలు నది తెచ్చిన ఒండ్రు మీద ఏర్పడ్డాయి. మరోవైపు బీదర్, జహీరాబాదు పీఠభూమి మీద కింద లావా శిల ఉన్నా పైన కనిపించేది ఎర్రటి లాటరైట్. లావా ఉంటే రేగడి, లేకపోతే కాదు అనే సూత్రం రెండు వైపులా విఫలమవుతోంది.

ఈ వైఫల్యాన్ని వివరించగలిగింది భూతల స్థితి. తూర్పు ఆఫ్రికా కొండవాలులపై ఎత్తున ఎర్రనేల, మధ్యలో మిశ్రమం, పల్లంలో నల్లబంక వరుసగా పునరావృతం కావడాన్ని చూసిన జెఫ్రీ మిల్న్ 1935లో ఆ వరుసకు ‘కెటీనా’ అని పేరు పెట్టాడు; లాటిన్‌లో దానికి గొలుసు అని అర్థం. మెరక మీద పడిన వాన నేలలోని కాల్షియం, మెగ్నీషియం, కరిగిన సిలికాలను పల్లానికి మోసుకుపోతుంది. అవి కోల్పోయిన మెరకలో కేయోలినైట్, ఇనుప ఆక్సైడ్లు మిగిలి ఎర్రబడుతుంది. అవి చేరి, నీరు తొందరగా బయటపడని పల్లంలో స్మెక్టైట్ ఏర్పడడానికీ, ఏర్పడినది నిలవడానికీ అనుకూలత కలుగుతుంది. ఈ దృష్టితో చూస్తే చల్క, రేగడి రెండు వేర్వేరు నేలలు కావు. ఒకే వాలు చెప్పే వాక్యంలో మొదటి, చివరి పదాలు. మధ్యలో ఉన్న పలుచని రేగడి, గరప నేలలు వర్గీకరణకు చిక్కని అనామకాలుగా మిగిలాయి గాని, రైతులకు వాటికి పేర్లున్నాయి.

ఇక్కడ జనపదాలను అతిగా కీర్తించడం కూడా విమర్శ కాదు. దుబ్బ, చల్క, గరప, గరువు, చౌడు, పాటిమన్ను వంటి మాటల సరిహద్దులు ఊరూరికీ మారతాయి. చౌడు అనే ఒక్క మాట ఉప్పు ఎక్కువైన నేలకూ, సోడియం ఎక్కువైన నేలకూ చెల్లుతోంది. ఆ రెండింటి చికిత్సలు వేరు. మొదటిదానికి మంచినీటితో కడగడం, రెండవదానికి ముందు జిప్సం వేయడం అవసరం. ప్రయోగశాల లేకుండా ఈ భేదం నిశ్చయంగా తేలదు. జనపదం మెరుగైన ప్రశ్నను అందిస్తుంది. జవాబు మాత్రం మళ్లీ వెతుక్కోవలసిందే.

భూతల ఆధారం వెనుకబడడానికి పటాల కొలబద్ద ఒక కారణం. రాష్ట్రాల నేల పటాలను 1:2,50,000 కొలబద్దలో తయారుచేశారు. కాగితంపై 1 సెం.మీ. భూమిపై 2.5 కి.మీ. మన తెలంగాణ, రాయలసీమ భూములలో అంత దూరంలో ఒక గుట్ట, దాని వాలు, ఒక వాగు, అవతలి గట్టు ఇమిడిపోతాయి. పటంలో ఒకే రంగు పూసిన ముక్కలో మొత్తం గొలుసు దాగి ఉంటుంది. పటం కింద ఇచ్చిన వివరణలో ఫలానా నేలల సముదాయం అని నిజాయితీగానే రాస్తారు. పటాన్ని వాడేవారు రంగును చూస్తారు, వివరణను చదవరు.

వాలును పట్టించుకుని నేలను నిర్వహిస్తే ఏమవుతుందో పటాన్‌చెరులోనే 1976లో మొదలై దశాబ్దాల పాటు కొనసాగిన పరివాహక ప్రయోగం చూపింది. సంప్రదాయ పద్ధతిలో రేగడిని వానాకాలమంతా బీడుగా ఉంచి, గుంటక తోలుతూ, నిల్వ తేమ మీద యాసంగి జొన్న లేదా శనగ వేస్తారు. ప్రయోగంలో వాలుకు అనుగుణంగా స్వల్పమైన ఏటవాలుతో వెడల్పైన ఎత్తు మడులు, వాటి మధ్య కాలువలు తీసి, అదనపు నీటిని మెల్లగా బయటకు పంపి, వానాకాలంలోనే జొన్న, కంది కలిపి పండించారు. మెరుగైన విత్తనం, ఎరువు కూడా ఇందులో భాగమే కనుక ఫలితాన్ని మొత్తం వాలుకే ఆపాదించరాదు. సంప్రదాయ పద్ధతిలో హెక్టారుకు సుమారు 1 టన్ను ధాన్యం వస్తే, ఈ పద్ధతిలో సగటున సుమారు 5 టన్నులు వచ్చింది. హెక్టారుకు ఏటా 6 టన్నులకు పైగా కొట్టుకుపోయే మట్టి 2 టన్నుల లోపుకు తగ్గింది. వానాకాలపు బీడు రైతు అజ్ఞానం కాదు. తడిస్తే అడుగు పడనివ్వని, ఆరితే నాగలి దిగనివ్వని నేలతో అతడు చేసుకున్న రాజీ. ఆ రాజీ అవసరం లేని దారిని చూపినది మట్టి విశ్లేషణ పట్టిక కాదు, నీరు ఎటు పారుతున్నదన్న పరిశీలన.

6. భూసార పత్రం

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన భూసార పత్రాల పథకం ఉద్దేశం ప్రశంసనీయం. దేశంలో ఇంతమంది రైతుల పేరిట మట్టి పరీక్ష జరగడం అంతకుముందు లేదు. పత్రంలో 12 అంశాలుంటాయి: ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. నీటిపారుదల ప్రాంతంలో 2.5 హెక్టార్లకు, మెట్ట ప్రాంతంలో 10 హెక్టార్లకు ఒక నమూనా. సాధారణంగా 15 సెం.మీ. లోతు వరకే మట్టిని తీస్తారు.

ఈ 12లో బంకమన్ను శాతం లేదు. నేల లోతు లేదు. వాలులో పొలం ఎక్కడ ఉందన్న ప్రస్తావన లేదు. వినిమయ సోడియం లేదు. ఇంతవరకు చర్చించిన లక్షణాలలో రేగడిని రేగడిగా చేసేది ఏదీ లేదు. 10 హెక్టార్ల గడి మెరకనూ పల్లాన్నీ కలిపి ఒక్క నమూనాగా మార్చవచ్చు. అప్పుడు పత్రంలోని అంకె ఆ గడిలోని ఏ పొలానికీ చెందని అంకె అవుతుంది.

ఇందువల్ల కలిగే నష్టాన్ని ఒక సాధారణ లెక్కతో చూపవచ్చు. ఒకే వాలులో రెండు రేగడి చేలు ఉన్నాయనుకుందాం. పై చేనులో 40 సెం.మీ. కింద మొరం తగులుతుంది. కింది చేను 150 సెం.మీ. వరకు లోతైనది. ప్రతి 10 సెం.మీ. మందం పైరుకు అందే నీటిని 12 మి.మీ. చొప్పున నిల్వ చేస్తుందనుకుంటే, పై చేనులో 48 మి.మీ., కింది చేనులో 180 మి.మీ. నిల్వ ఉంటుంది. అక్టోబరులో విత్తిన శనగ తరువాత వాన చూడకపోయినా కింది చేనులో గింజ కడుతుంది. పై చేనులో పూత దశకే నీరు అయిపోతుంది. పై 15 సెం.మీ. మట్టి మాత్రం రెండింటిలో ఇంచుమించు ఒకటే కావచ్చు. రెండు చేలకూ ఒకే పత్రం, ఒకే ఎరువు సిఫారసు వస్తుంది. పై చేనులో ఆ ఎరువుకు పెట్టిన డబ్బు నీరు లేక వృథా అవుతుంది. అడుగుపొరలో సోడియం పేరుకున్న చోట పరిస్థితి మరింత విపరీతం. పై 15 సెం.మీ. నిర్దోషిగా కనిపిస్తుంది, 60 సెం.మీ. దగ్గర నీటి దారి మూసుకుపోయి ఉంటుంది. రైతు తన కష్టానికి కారణాన్ని పత్రంలో వెతికితే ‘సాధారణం’ అన్న మాట కనిపిస్తుంది.

దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మట్టి తీసే రోజున మూడు సంగతులు రాసుకుంటే చాలు: పొలం మెరకలో ఉందా, నడివాలులోనా, పల్లంలోనా, మొరం గాని రాయి గాని ఎంత లోతున తగిలింది, మే నెలలో పగులు ఎంత వెడల్పు, ఎంత లోతు. మూడవదానికి సన్నని కర్ర ఒకటి పగులులోకి దింపి కొలవడమే పరీక్ష. పల్లపు రేగడి అని తేలిన చోట మాత్రం 60 సెం.మీ. లోతు నుండి రెండవ నమూనా తీసి సోడియం కోసం పంపాలి. గడిని సర్వే నంబర్ల మీద గీతలుగా గీయకుండా వాగు నుండి గట్టు వరకు పట్టీలుగా విభజిస్తే, నమూనాల సంఖ్య పెరగకుండానే వాలు క్రమం లెక్కలోకి వస్తుంది. ఈ వివరాలన్నీ పొలం యజమానికి ముందే తెలుసు. పత్రంలో వాటిని రాసే గడి మాత్రం లేదు.